రెండో తూటా భరోసా: బొల్లారంలో పుట్టిన షికారీ కెన్నెత్ ఆండర్సన్

ఝరాసంగం: జహీరాబాద్ పక్కనున్న మన ఝరాసంగం వైపు రాత్రిపూట పొలాల్లో మంచెలు, టార్చిలైట్లు, డబ్బాల చప్పుళ్లు కొత్తేమీ కాదు. చెరకు వేసినా, జొన్న వేసినా, ఆలుగడ్డ వేసినా అడవి పందుల గుంపు ఒక్క రాత్రిలో దున్నేసి పోతుంది. అలాగని రైతు తనంతట తాను బందూక్ పట్టుకుని బయల్దేరడానికి లేదు. చట్టం ఒప్పుకోదు. సర్కారు అనుమతి ఉన్న షూటర్లే రావాలి, షరతుల ప్రకారమే కాల్చాలి. అట్లా వచ్చిన షూటర్‌కైనా, వెంట నడిచే రైతుకైనా భయం ఒక్కటే. మొదటి తూటా తగిలీ తగలనట్టు తగిలితే, గాయపడ్డ పంది తిరగబడితే, బందూక్‌లోకి రెండో తూటా టైముకు వస్తుందా, రాదా?

చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కానీ దక్షిణాది అడవుల్లో ఎన్నో ప్రాణాలు దీని మీదే ఆధారపడ్డాయి. ఈ ప్రశ్నతో దాదాపు జీవితమంతా గడిపిన మనిషి ఒకాయన మన హైదరాబాద్ రాజ్యంలోనే పుట్టాడు. పేరు కెన్నెత్ ఆండర్సన్. ఉత్తరాన జిమ్ కార్బెట్ ఎంతో, దక్షిణాన ఆండర్సన్ అంత. ఆయన పుస్తకాలు చదివిన వాళ్లకు పులులు, చిరుతలు గుర్తుంటాయి. ఆయన చేతిలో ఉన్న పాత రైఫిల్ సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. ఆ రైఫిల్‌ను అర్థం చేసుకుంటే ఆ మనిషి కూడా కొంచెం అర్థమవుతాడు.

వేట అంటే దర్బార్ అయిన రోజులు

ఆండర్సన్ పుట్టే నాటికి హైదరాబాద్ గద్దె మీద ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఉన్నారు. ఆయన గురి గురించి పాతబస్తీలో ఈనాటికీ కథలు చెప్పుకుంటారు. 30కి పైగా పులులను కొట్టారని, అందుకే తీస్‌మార్ ఖాన్ అనే పేరొచ్చిందని అంటారు. అప్పట్లో పులి వేట రాజకీయంలో ఒక భాగం. వైస్రాయ్ వస్తే షికార్, యువరాజు వస్తే షికార్. 1902లో లార్డ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులిని కొట్టి భార్యతో కలిసి దిగిన ఫొటో చాలా ప్రసిద్ధి. రాజా దీన్ దయాళ్ పేరు మీద ఆ ఫొటోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. అదే ఏడాది బేరార్ ప్రాంతాన్ని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు కింద తెల్లవాళ్లు రాయించుకున్నారు. షికార్ ఒక పక్క, దస్తావేజు ఒక పక్క.

ఆ దర్బారీ వేటలో పులి ఎదుట షికారీ ఒంటరిగా ఉండేవాడు కాదు. ఏనుగులు ఉండేవి, డప్పులు కొట్టేవాళ్లు ఉండేవాళ్లు, పక్కన ఇంకో బందూక్‌తో సిద్ధంగా నిలబడే నౌకరు ఉండేవాడు. రెండో తూటా కావాలంటే ఒక మనిషి చేతికందించేవాడు. ఆండర్సన్‌ది అట్లాంటి వేట కాదు. ఆయన ఎక్కువగా ఒంటరిగా చెట్టు మీద కూర్చున్నాడు, ఒంటరిగా నెత్తుటి జాడ వెంట నడిచాడు. అందుకే బందూక్ మీద ఆయనకు కావలసిన భరోసా వేరు.

బొల్లారం నుంచి బెంగళూరుకు

1910 మార్చి 8న సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో ఆయన పుట్టాడు. బొల్లారం అప్పట్లో దండు ఊరు. సిపాయిల బారకులు, పరేడ్ మైదానాలు, రెసిడెంట్ బంగ్లా. ఆండర్సన్‌లు స్కాట్లాండ్ మూలాలున్న కుటుంబం, తరాలుగా ఇండియాలోనే స్థిరపడ్డారు. తండ్రి మిలిటరీ లెక్కల శాఖలో పనిచేశాడు. కొడుక్కి చేపలు పట్టడం, బందూక్ కాల్చడం నేర్పింది తండ్రే. చదువు బెంగళూరులో సాగింది. ఆ తర్వాత జీవితమంతా ఆ ఊరితోనే ముడిపడిపోయింది.

తెల్లదొర అంటే మన కళ్ల ముందు కలెక్టరో, కర్నలో మెదులుతాడు. ఆండర్సన్ అట్లాంటి పెద్ద హోదా మనిషి కాదు. తపాలా, టెలిగ్రాఫ్ శాఖలో సుమారు 15 ఏళ్లు నౌకరీ చేశాడు. తర్వాత బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో, అంటే ఈనాటి హెచ్ఏఎల్‌లో, ప్లానింగ్ చూసే మేనేజర్‌గా పనిచేశాడు. సెలవు దొరికితే కారు తీసి అడవి దారి పట్టేవాడు. 1947లో చాలామంది తెల్లవాళ్లు ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆయన మాత్రం పోలేదు. ఇక్కడే బతికాడు, ఇక్కడే పోయాడు.

ఆయనకు అడవి నేర్పినవాళ్లు కూడా దొరలు కాదు. బైరా అనే పూజారి గిరిజనుడు, రంగ అనే వేటగాడు ఆయన కథల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తారు. ఎండుటాకు మీద పడ్డ అడుగు ఎంత పాతది, కోతి అరుపుకూ జింక అరుపుకూ అర్థమేంటి, గాలి ఎటు తిరుగుతోంది, ఇవన్నీ వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. ఆ బాకీని పుస్తకాల్లో దాచుకోకుండా రాశాడు.

ఆయన చేతిలోని విన్‌చెస్టర్

ఆండర్సన్ ఎక్కువగా వాడింది .405 విన్‌చెస్టర్. మోడల్ 1895 అనే అమెరికన్ రైఫిల్. ట్రిగ్గర్ కింద ఒక లీవర్ ఉంటుంది. దాన్ని కిందికి తోస్తే బోల్ట్ వెనక్కి జరుగుతుంది, కాలిపోయిన ఖాళీ తూటాను కొక్కెంతో లాగి బయట పడేస్తుంది. లీవర్‌ను మళ్లీ పైకి లాగితే బోల్ట్ ముందుకు వస్తూ మ్యాగజైన్ పెట్టెలో పైనున్న తూటాను తోసుకుపోయి చాంబర్‌లో కూర్చోబెడుతుంది. మ్యాగజైన్‌లో నాలుగు తూటాలు, చాంబర్‌లో ఒకటి. గుండు బరువు సుమారు 19 గ్రాములు. దెబ్బ గట్టిది, భుజం మీద పడే తోపు కూడా గట్టిదే.

ఇండియాలో పెద్ద జంతువుల వేటకు అప్పట్లో పేరున్నవి ఇంగ్లండ్‌లో చేసిన జోడు గొట్టాల రైఫిళ్లు. వాటి గొప్పంతా ఒక్క మాటలో చెప్పొచ్చు. రెండో తూటా ఎక్కడి నుంచీ రానక్కర్లేదు, అది ముందే రెండో గొట్టంలో కూర్చుని ఉంటుంది. స్ప్రింగ్ అలసిపోయినా, మ్యాగజైన్‌లో దుమ్ము పడినా ఫికర్ లేదు. రెండో ట్రిగ్గర్ నొక్కితే చాలు. కానీ ఆ రెండూ అయిపోతే మళ్లీ చేత్తో నింపుకోవాలి. పైగా ధర రాజాల ధర. ఆండర్సన్ మాత్రం తన పాత విన్‌చెస్టర్‌నే నమ్ముకున్నాడు.

లీవర్ రైఫిల్‌కు ఒక జబ్బు ఉంది. చెయ్యి తొందరపడితే లీవర్ పూర్తిగా కిందికి పోదు. సగంలోనే వెనక్కి లాగేస్తారు. అప్పుడు బోల్ట్ తర్వాతి తూటా వెనక దాకా రానే రాదు. ఖాళీ చాంబర్ మూసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్ మని చప్పుడొస్తుంది, అంతే. ఎదురుగా పులి ఉంటే ఆ టక్ ఎంత పెద్ద చప్పుడో ఊహించుకోండి. తప్పు ఇక్కడ ఇనుముది కాదు, భయపడిన చేతిది. అందుకే ఇట్లాంటి రైఫిల్ పట్టేవాడు ఖాళీ బందూక్‌తో ఇంట్లో వందలసార్లు లీవర్ ఆడించి చేతికి అలవాటు చేసుకోవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు బుర్ర పనిచెయ్యకపోయినా చెయ్యి పనిచెయ్యాలి.

ఇంకో చిక్కు తూటా అడుగున ఉండే అంచు, అంటే రిమ్. .405 తూటాకు ఈ రిమ్ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. రిమ్ ఉన్న తూటాలను ఒకదాని మీద ఒకటి పెట్టెలో పేర్చేటప్పుడు పైదాని రిమ్ కిందిదాని రిమ్‌కు ముందుండాలి. వరుస తారుమారైతే పైది ముందుకు కదలబోయి కిందిదానికి తగులుకుంటుంది. రెండూ కదలవు. ఇది కూడా అడవిలో తెలిసే సంగతి కాదు, ఇంట్లో దీపం ముందు తూటాలు నింపేటప్పుడే చూసుకోవలసిన సంగతి.

ఆ రైఫిల్ వెనకున్న ఉస్తాద్

మోడల్ 1895ను తయారుచేసిన మెదడు జాన్ మోజెస్ బ్రౌనింగ్‌ది. 1855లో అమెరికాలో యూటా ప్రాంతపు ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి జోనథన్ కూడా బందూక్‌లు చేసే కమ్మరే. ఆయన 1840ల్లోనే ఒక విచిత్రమైన రైఫిల్ చేశాడు. ఇనుప పట్టీకి వరుసగా రంధ్రాలుంటాయి, ఒక్కో రంధ్రంలో ఒక్కో గుండు. కాల్చిన తర్వాత పట్టీని పక్కకు జరిపితే తర్వాతి గుండు గొట్టం ఎదుటికొస్తుంది. అంటే రెండో తూటా ఎట్లా తేవాలన్న ధ్యాస ఆ ఇంట్లో తండ్రి నుంచే మొదలైంది.

కొడుకు దాన్ని ఎంతో దూరం తీసుకుపోయాడు. 1879లో మొదటి పేటెంట్ వచ్చింది. 1883లో విన్‌చెస్టర్ కంపెనీ పెద్దలు అంత దూరం ప్రయాణం చేసి ఆ చిన్న దుకాణాన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆ తర్వాత 1886, 1892, 1894, 1895 నమూనాల విన్‌చెస్టర్‌లన్నీ ఆయన బుర్రలో పుట్టినవే. అప్పటిదాకా లీవర్ రైఫిళ్లకు మ్యాగజైన్ అంటే గొట్టం కింద ఇంకో సన్న గొట్టం. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనక తూటా మొన ముందు తూటా అడుగున ఉన్న మందుబిళ్లకు తగులుతూ ఉంటుంది. మొన బండగా ఉంటే పరవాలేదు. సూదిగా ఉంటే మాత్రం కాల్చినప్పటి కుదుపుకు లోపలే పేలే ప్రమాదం ఉంది. బ్రౌనింగ్ 1895 నమూనాలో ఆ గొట్టాన్ని తీసేసి, తూటాలు ఒకదాని మీద ఒకటి నిలిచే పెట్టె పెట్టాడు. దాంతో లీవర్ రైఫిల్ పెద్ద తూటాలకు, మొనదేరిన గుండ్లకు పనికొచ్చింది.

అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా షికార్‌కు వెళ్తూ ఇదే .405ను వెంట తీసుకెళ్లి, సింహాల వేటకు దీన్ని తెగ మెచ్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యం ఇదే నమూనాను తన తూటాకు సరిపడేలా లక్షల్లో చేయించుకుంది. ఆ రెండు పెద్ద పేర్లతో సంబంధం లేకుండా, అదే నమూనా రైఫిల్ ఒకటి బొల్లారంలో పుట్టిన టెలిగ్రాఫ్ నౌకరు చేతికొచ్చి శేషాచలం పక్క లోయల్లో తిరిగింది.

తెలుగు అడవుల్లో

ఆండర్సన్ మొదటి పుస్తకం 1954లో వచ్చింది. తొమ్మిది మనుషులను తినే మృగాలు, ఒక మదపుటేనుగు, ఇదీ దాని పేరు సారాంశం. అందులో ఒక కథ చిత్తూరు జిల్లా చామల లోయది. భాకరాపేట అడవుల పక్కన, ఎర్రచందనం పెరిగే ఆ కొండల మధ్య మనుషులను పట్టిన పులి కథ. ఆ తర్వాతి పుస్తకాల్లో తిరుపతి దగ్గరి మామండూరు వస్తుంది, నల్లమలలో చెంచుల నేల వస్తుంది. సరిహద్దు అవతల హోసూరు, డెంకణికోట వైపు ఊళ్లు కూడా ఆయన కథల్లో చాలా ఉన్నాయి. జవళగిరి, గుమ్మలాపురం, శివనిపల్లి. ఆ పల్లెల్లో ఇవాళ్టికీ తెలుగు, కన్నడ, తమిళం మూడూ కలిసి వినిపిస్తాయి. గుమ్మలాపురం చిరుత ఒక్కటే 42 మందిని పొట్టన పెట్టుకుంది.

1939 నుంచి 1966 మధ్య ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆయన మనుషులను తినే చిరుతలు 8, పులులు 7 చంపాడు. ఈ లెక్కలో గొప్ప అంకె ఏదీ లేదు. రాజాల ఆల్బముల్లో ఒక్క వారం వేటలో అంతకన్నా ఎక్కువ కనిపిస్తాయి. తేడా ఎక్కడంటే, ఆయన వెంట పడినవి ఊరి మనుషులను చంపుతున్న మృగాలు. సాయంత్రం ఆరు దాటితే తలుపులు బిగించుకునే పల్లెలు ఆయన కోసం ఎదురు చూసేవి.

ఈ వేటలో ఎక్కువ భాగం రాత్రి పని. చెట్టు మీద మచాన్, కింద ఎర, రైఫిల్ గొట్టానికి బిగించిన టార్చి. మంచు పడుతుంది, చెమట పడుతుంది, వానా పడుతుంది. ఇత్తడి తూటా మీద పచ్చటి చిలుము పడితే అది చాంబర్‌లో బిగుసుకుంటుంది. అడుగున మందుబిళ్లకు చెమ్మ తగిలితే పేలదు. ఎండాకాలం ఇంకో తంటా. ఆ రోజుల్లో తూటాల్లో వాడిన కార్డైట్ మందు వేడికి రెచ్చిపోతుంది, లోపల ఒత్తిడి పెరిగి ఖాళీ తూటా చాంబర్ గోడలకు అతుక్కుపోతుంది. మన దేశానికి పంపే తూటాల్లో మందు కాస్త తగ్గించి నింపడం ఇంగ్లిష్ కంపెనీలు మొదలుపెట్టింది ఇందుకే. కారు డిక్కీలో ఎండకు కాగిన తూటా, గోనె సంచిలో చెమ్మకు తడిసిన తూటా, రెండూ ఒక్కలాగే మోసం చేస్తాయి.

ఇక్కడే చేత్తో ఆడించే రైఫిల్‌కు ఒక లాభం ఉంది. తూటా పేలకపోయినా లీవర్ ఆగదు. చెయ్యి కిందికి తోస్తే పేలని తూటా బయటపడుతుంది, పైకి లాగితే తర్వాతిది లోపలికొస్తుంది. ముందు తూటా ధర్మం మీద వెనక తూటా ఆధారపడదు.

దర్గా దగ్గరి దోస్త్ కోసం

ఆండర్సన్ కథల్లో మన పాఠకులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసింది ఆలం బక్ష్ కథ. మైసూరు రాజ్యంలో అరసికెరె వైపు రోడ్డు పక్కన ఒక చిన్న దర్గా. దాన్ని చూసుకునే ముసలాయన ఆలం బక్ష్. ఆ దారిన పోయినప్పుడల్లా ఆండర్సన్ ఆగేవాడు, అట్లా దోస్తీ కుదిరింది. ఆ చుట్టుపక్కల కొండల్లో ఒక ఎలుగుబంటి పిచ్చిపట్టినట్టు మనుషుల మీద పడేది. కనీసం 12 మందిని చంపింది, మరో రెండు డజన్ల మందిని చీల్చి వదిలింది. ఎలుగు పంజా ముఖం మీద పడితే బతికినా బతికినట్టు కాదు. చివరికి అది ఆలం బక్ష్ జవాన్ కొడుకునే చంపేసింది.

కబురు అందగానే ఆండర్సన్ బయల్దేరాడు. ఒక్కసారికి పని కాలేదు. ఖాళీ చేతులతో వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఆఖరికి దాన్ని కాల్చాడు. ఎవరూ బహుమానం ఇవ్వలేదు, గవర్నర్ వచ్చి ఫొటో దిగలేదు. కొడుకును పోగొట్టుకున్న ఒక ముజావర్‌కు దోస్త్ చేసిన పని అది. మతం, రంగు, హోదా ఏదీ అడ్డు రాలేదు.

గాయం చేసి వదిలేస్తే

పులి పుట్టుకతో మనిషిని తినదు. దాన్ని అట్లా తయారుచేసేది చాలాసార్లు మనిషే. ఆండర్సన్ పుస్తకాలన్నీ తిరగేస్తే ఈ మాట ఎన్నో చోట్ల తేలుతుంది. ముళ్లపంది ముల్లు గుచ్చుకుని కుంటిదైన పులి ఉండొచ్చు, ముసలిదై పళ్లు ఊడింది ఉండొచ్చు. కానీ ఎవడో తెలిసీ తెలియని షికారీ కాల్చి, గాయం చేసి, భయపడి ఇంటికి పోయిన ఖాతాలోవి తక్కువేం కాదు. కాలు విరిగిన పులి జింకను పట్టలేదు. దున్న దగ్గరికి పోలేదు. కట్టెలు ఏరుకునే ముసలమ్మ, పశువులు కాసే పిల్లాడు దానికి సులువు.

ఇప్పుడు రెండో తూటా సంగతి మళ్లీ ఆలోచించండి. షికారీ బందూక్ ఇరుక్కుపోతే అతనికి కలిగే నష్టం ఒక్క రాత్రి భయం. కారెక్కి పట్నం పోతాడు. గాయంతో మిగిలిన మృగం మాత్రం ఆ అడవిలోనే ఉంటుంది. దాని పక్కన పల్లె ఉంటుంది. ఆ ఇరుక్కున్న తూటా ఖరీదును ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత, బందూక్ ఎన్నడూ ముట్టనివాళ్లు కడతారు. అందుకే గాయపడ్డ జంతువును వెతికి దాని బాధ ముగించడం కాల్చినవాడి బాధ్యత అని ఆండర్సన్ పట్టుబట్టేవాడు. తాను కూడా పొదల్లోకి నెత్తుటి చారల వెంట నడిచి వెళ్లాడు. బందూక్ మంచిగా చూసుకోవడం ఆయనకు షోకు కాదు, పల్లెకు బాకీ పడకుండా చూసుకోవడం.

తనంతట తానే నింపుకునే రైఫిళ్లు

ఆండర్సన్ పుట్టకముందే ఇంకో రకం వేట రైఫిల్ వచ్చేసింది. లీవర్ లేదు, చెయ్యి ఆడించే పని లేదు. ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే తూటా పేలుతుంది, ఆ పేలుడు బలంతోనే ఖాళీ తూటా బయటికి పోయి కొత్తది లోపలికి వస్తుంది. దీన్నే సెమీ ఆటోమేటిక్ అంటున్నాం. బ్రౌనింగ్ నమూనా మీద రెమింగ్టన్ కంపెనీ 1906లో ఇట్లాంటి వేట రైఫిల్ మార్కెట్‌లోకి తెచ్చింది. విన్‌చెస్టర్ కంపెనీ వేరే పద్ధతిలో తన రైఫిళ్లు అదే కాలంలో తెచ్చింది.

చెప్పుకోవడానికి సులువే, చేయడమే కష్టం. మామూలు రైఫిల్‌లో చెయ్యి తూటా బరువును పసిగడుతుంది. ఎక్కడో అడ్డం పడితే ఆగుతుంది, వెనక్కి లాగి మళ్లీ తోస్తుంది. ఆటోమేటిక్ యంత్రానికి ఆ స్పర్శ లేదు. బోల్ట్ వెనక్కి పోయి ముందుకు వచ్చే ఆ రెప్పపాటులోనే మ్యాగజైన్ స్ప్రింగ్ కింది తూటాను పైకి లేపాలి. స్ప్రింగ్ నీరసపడితే తూటా పైకి రాకముందే బోల్ట్ దాటిపోతుంది. మ్యాగజైన్ పెదవులు కాస్త వంగినా తూటా మొన పైకో కిందికో తిరుగుతుంది. మందు తక్కువైన తూటా బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి నెట్టదు, ఖాళీ తూటా తలుపులో ఇరుక్కుంటుంది. ఇక అసలు పేలని తూటా వస్తే యంత్రం అక్కడే ఆగిపోతుంది, చేత్తో లాగాల్సిందే.

వేట రైఫిల్‌కు ఇంకో పరీక్ష ఉంది. సైన్యం వాడే గుండుకు మొన దాకా గట్టి లోహపు తొడుగు ఉంటుంది, వాలు మీద జారి లోపలికి పోతుంది. వేట గుండుకు మొన దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపిస్తుంది. తగిలాక విచ్చుకుని జంతువును త్వరగా పడగొట్టడానికి అట్లా చేస్తారు. ఆ మెత్తటి మొనే చాంబర్ వాలుకు తగిలి నలుగుతుంది, అతుక్కుంటుంది. పైగా వేటగాడు ఒకే రకం తూటా కొనడు. దుకాణంలో ఏది దొరికితే అది. ఒక్కో కంపెనీ మందు ఒక్కోలా ఉంటుంది.

బ్రౌనింగ్ ఈ తంటాలన్నీ ఆలోచించే తన రైఫిల్ కట్టాడు. కాల్చగానే గొట్టం, బోల్ట్ కలిసి వెనక్కి జరుగుతాయి. బోల్ట్ వెనకే ఆగుతుంది, గొట్టం ఒక్కటే ముందుకు పోతుంది. ఖాళీ తూటా బయట పడిన తర్వాతే బోల్ట్ విడుదలై కొత్త తూటాను తీసుకొస్తుంది. ఒక పని ముగిశాకే ఇంకో పని. దానికోసం రిమ్ బయటికి రాని కొత్త తూటాలు కూడా చేశారు, తగులుకునే గొడవే లేకుండా. తూటా, మ్యాగజైన్, రైఫిల్ మూడూ ఒకే మనసుతో పుట్టాలన్నది ఆయన లెక్క. ఆయన 1926లో బెల్జియంలోని లియేజ్‌లో, పనిచేసే ఫ్యాక్టరీలోనే గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి ఆండర్సన్ ఇంకా 16 ఏళ్ల కుర్రాడు.

అయినా ఆండర్సన్ ఆ కొత్త రకం మీదికి పోలేదు. చేత్తో ఆడించే పాతదానితోనే ఉండిపోయాడు. ఒంటరిగా, దుమ్ములో, చెమ్మలో, పాత తూటాలతో తిరిగే మనిషికి ఆ ఎంపికలో అర్థం ఉంది. వేగం యంత్రానిది కావొచ్చు, భరోసా మాత్రం తన చేతిలో ఉంచుకున్నాడు.

బందూక్ దించిన తర్వాత

వయసు పెరిగేకొద్దీ ఆండర్సన్‌లో మార్పు వచ్చింది. చిన్నప్పుడు చూసిన అడవి కళ్ల ముందే కరిగిపోతోంది. జీపుల్లో వచ్చి లైట్లు వేసి కనిపించినదాన్నల్లా కాల్చేవాళ్లు పెరిగారు. ఆయన కెమెరాకు దగ్గరయ్యాడు. తర్వాతి పుస్తకాల్లో చంపిన కథలతో పాటు కాపాడుకోవాలన్న బెంగ కూడా కనిపిస్తుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో పులుల కోసం ప్రత్యేక ప్రాజెక్టు మొదలైంది. ఆయన అది చూసే పోయాడు. 1974 ఆగస్టు 30న బెంగళూరులో కన్నుమూశాడు. ఆఖరి అడవి పుస్తకం ఆయన పోయాక 1976లో అచ్చయింది.

ఆయన తిరిగిన కాలం వెనక్కి రాదు, రావాల్సిన అవసరమూ లేదు. ఇవాళ పులిని కాల్చడం నేరం. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మన ఆయుధ నిబంధనల్లో మామూలు లైసెన్సుకు అందని వరుసలో ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది మన దేశపు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసే .315 బోల్ట్ రైఫిల్, లేదా పన్నెండు బోర్ జోడు గొట్టాల బందూక్. ఆ .315 తూటాకు కూడా రిమ్ ఉంటుంది. అంటే ఆండర్సన్ దీపం ముందు కూర్చుని చూసుకోవలసి వచ్చిన అదే వరుస, ఈనాటి షూటర్ కూడా చూసుకోవాలి.

కాబట్టి మన ఊరి చెరకు తోటకు అనుమతి ఉన్న షూటర్ వచ్చినప్పుడు రైతు ఒక్కటి అడగడంలో తప్పులేదు. తూటాలు ఎప్పటివి, ఎక్కడ దాచారు, రైఫిల్ ఆ తూటాలతోనే ముందు కాల్చి చూశారా. గాయపడ్డ పంది పొదలోకి పోతే వెంట ఎవరు పోతారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. తెల్లారాక అదే గట్టు మీద గడ్డి కోయడానికి ఆడవాళ్లు వస్తారు, అదే దారిన పిల్లలు బడికి పోతారు. షూటర్ అప్పటికి వెళ్లిపోయి ఉంటాడు.